పాఠం 12: పురుగులను చూసి గీసిన చిత్రకారిణి – మరియా సిబిల్లా మేరియన్

12.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
- మరియా సిబిల్లా మేరియన్ జీవితంలోని ముఖ్య ఘట్టాలను వరుసక్రమంలో చెప్పగలుగుతారు.
- కాగితం మీద పురుగు గుండ్రంగా, బరువుగా, నిజమైన ఒడ్డూ పొడవూ ఉన్నదిగా కనిపించడానికి ఏమేమి గమనించాలో వివరించగలుగుతారు.
- గమనించడానికీ గీయడానికీ గల సంబంధాన్ని మీ మాటల్లో రాయగలుగుతారు.
- ఒక చిన్న పురుగును చూసి, వెలుగునీడలతో బొమ్మ గీయగలుగుతారు.

12.1 పరిచయం

ఈ పాఠాన్ని ఒక నిమిషం పక్కన పెట్టండి. కాగితం, పెన్సిలు తీసుకొని ఒక చీమ బొమ్మ గీయండి. చీమను మీరు పుట్టినప్పటి నుంచి చూస్తున్నారు. కాబట్టి కష్టం కాకూడదు.

గీశారా? ఇప్పుడు మీ బొమ్మను పరీక్షించండి. మూడు చుక్కలు పక్కపక్కన పెట్టి, వాటికి ఆరు గీతలు తగిలించారా? కాళ్ళు పొట్ట నుంచి వచ్చినట్లు గీశారా? అయితే చింతించకండి. చాలామంది అలాగే గీస్తారు. నిజానికి చీమకు గాని, మరే కీటకానికి గాని ఆరు కాళ్ళూ నడిమి భాగమైన వక్షం నుంచే వస్తాయి. పొట్టకు కాళ్ళు ఉండవు. రోజూ చూసేదే అయినా మనం దాన్ని గమనించలేదన్నమాట. గమనించని దాన్ని చేయి గీయలేదు. గీసినా అది రోడ్డు మీద నలిగిపోయిన పురుగులా చదునుగా ఉంటుంది.

సుమారు మూడున్నర శతాబ్దాల క్రితం జర్మనీ దేశంలో ఒక బాలిక పురుగులను దగ్గర పెట్టుకొని, వాటికి మేత వేసి, రోజూ చూసి బొమ్మలు గీయడం మొదలుపెట్టింది. ఆమె విశ్వవిద్యాలయంలో చదవలేదు. ఆ రోజుల్లో స్త్రీలకు ఆ అవకాశం లేదు. అయినా ఆమె గీసిన బొమ్మలను పెద్ద శాస్త్రజ్ఞులు ఆధారంగా తీసుకున్నారు. ఆమె జీవితాన్నీ, ఆమె పని తీరునూ ఈ పాఠంలో తెలుసుకుందాం.

12.2 బాల్యం, మొదటి గురువులు

మరియా సిబిల్లా మేరియన్ 1647 ఏప్రిల్ 2న జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో జన్మించింది. తండ్రి మత్తేయుస్ మేరియన్ పేరుపొందిన చిత్రకారుడు. రాగి రేకుల మీద బొమ్మలు చెక్కి, పుస్తకాలు అచ్చువేసే పెద్ద ముద్రణాలయం ఆయనకు ఉండేది. మరియాకు మూడేళ్ళ వయసులోనే, 1650లో, ఆయన మరణించాడు. మరుసటి సంవత్సరం తల్లి యాకోబ్ మారెల్ అనే చిత్రకారుణ్ణి తిరిగి వివాహం చేసుకుంది.

ఈ మారు తండ్రే మరియాకు మొదటి గురువు. మారెల్ పూల చిత్రాలకు ప్రసిద్ధుడు. పూలకుండీ, దాని పక్కన రాలిన రేక, ఆ రేక మీద వాలిన ఈగ – ఇటువంటివి నిజమేమో అనిపించేలా చిత్రించడం ఆ కాలపు చిత్రకారుల నేర్పు. ఈగ కింద సన్నని నీడ పడితే చాలు, అది కాగితం మీది మచ్చలా కాక కాగితం మీద వాలిన ప్రాణిలా కనిపిస్తుంది. ఈ రహస్యాన్ని మరియా ఇంట్లోనే నేర్చుకుంది. మారెల్ ఊళ్ళో లేనప్పుడు ఆయన శిష్యుడు అబ్రహాం మిన్యోన్ ఆమెకు పాఠాలు చెప్పాడు.

ఆ కాలంలో చిత్రకళ నేర్చుకునేవారు ముందుగా ఇతరుల బొమ్మలను చూసి గీసేవారు. పురుగుల బొమ్మలకు కూడా ఇదే పద్ధతి. 1653లో మరియా అన్నలు నడుపుతున్న కుటుంబ ముద్రణాలయం నుంచి యాన్ యోన్‌స్టన్ అనే పండితుడు రాసిన కీటకాల గ్రంథం వెలువడింది. అందులోని బొమ్మల్లో పురుగులు వరుసలు తీరి ఉంటాయి. రెక్కలు చాపి, ఏ మొక్కా లేకుండా, ఏ నేలా లేకుండా, తెల్ల కాగితం మీద బారులు తీరిన పురుగులు! దుకాణంలో సామాను పేర్చినట్లు ఉంటాయి. ఏ పురుగు ఏమి తింటుందో, ఎలా పుడుతుందో వాటిని చూస్తే తెలియదు. మరియా తరువాత గీసిన చిత్రాలు దీనికి పూర్తిగా భిన్నమైనవి. ఆ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పుడు చూద్దాం.

12.3 పట్టుపురుగులే పాఠశాల

1660లో, పదమూడేళ్ళ వయసులో, మరియా పట్టుపురుగులను పెంచడం ప్రారంభించింది. వాటికి మల్బరీ ఆకు వేసేది. మల్బరీ దొరకనప్పుడు లెట్యూస్ అనే ఆకుకూర వేసేది. పురుగులు ఎప్పుడు మేస్తున్నాయి, ఎప్పుడు మేత మానాయి, ఎప్పుడు పాత చర్మం విడిచాయి అన్నది రాసుకునేది, గీసుకునేది.

మీలో హిందూపురం, మడకశిర, ధర్మవరం ప్రాంతాలవారు ఉంటే ఈ సంగతులు మీకు కొత్త కాదు. పట్టుపురుగు నాలుగుసార్లు చర్మం విడుస్తుంది. అప్పుడు అది మేత మాని, తల పైకెత్తి, కదలకుండా ఉంటుంది. మన రైతులు దీన్ని జ్వరం అంటారు. నాలుగో జ్వరం లేచాక పురుగు ఆబగా మేసి, పండి, చంద్రిక మీద గూడు కడుతుంది. గూటి లోపల ప్యూపాగా మారి, చివరకు రెక్కల పురుగై బయటకు వస్తుంది. ఈ మార్పునే రూపవిక్రియ అంటారు.

నేడు బడిపిల్లలకు తెలిసిన ఈ విషయం అప్పట్లో పెద్దలకు కూడా స్పష్టంగా తెలియదు. బురద నుంచి, కుళ్ళిన మాంసం నుంచి, పేడ నుంచి పురుగులు వాటంతట అవే పుడతాయని చాలామంది నమ్మేవారు. మూత పెట్టిన మాంసంలో పురుగులు పుట్టవని ఇటలీ శాస్త్రజ్ఞుడు ఫ్రాన్సెస్కో రేడి తన ప్రయోగాలను ప్రచురించింది 1668లో. అంటే మరియా పురుగులను పెంచడం మొదలుపెట్టిన ఎనిమిదేళ్ళ తరువాత.

పట్టుపురుగులతో మొదలైన పని ఇతర గొంగళిపురుగులకు విస్తరించింది. తోటల్లో, చేలగట్ల మీద దొరికిన గొంగళిపురుగునల్లా ఆమె ఇంటికి తెచ్చేది. ఏ మొక్క మీద దొరికిందో ఆ మొక్క ఆకునే మేతగా వేసేది. పెట్టెలో పెట్టి అది సీతాకోకచిలుక అయ్యేవరకు కాచుకునేది. దూడ చర్మంతో చేసిన పార్చ్‌మెంటు ముక్కల మీద ప్రతి దశనూ రంగుల్లో చిత్రించేది. ఈ చిన్న చిత్రాలను, వాటి పక్కన రాసిన వివరాలను ఒక పుస్తకంగా కూర్చుకుంది. జీవితమంతా ఆ పుస్తకం ఆమె వెంటే ఉంది. నేడది రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో భద్రంగా ఉంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
(అ) మరియాకు మొదట చిత్రకళ నేర్పినవారు ఎవరు?
(ఆ) యోన్‌స్టన్ గ్రంథంలోని పురుగుల బొమ్మల్లో ఏమి లోపించింది?
(ఇ) మన పట్టురైతులు జ్వరం అని దేన్ని అంటారు?

12.4 బొమ్మలో గుండ్రదనం ఎలా వస్తుంది?

కాగితానికి పొడవు, వెడల్పు మాత్రమే ఉంటాయి. పురుగుకు వీటితో పాటు మందం కూడా ఉంటుంది. ఆ మందాన్ని చదును కాగితం మీద చూపడమే చిత్రకారుల ముందున్న సమస్య. మేరియన్ చిత్రాలను జాగ్రత్తగా చూస్తే నాలుగు విషయాలు మనకు కనిపిస్తాయి.

మొదటిది: ఒంటి మీది గీతల వంపు. గొంగళిపురుగు ఒళ్ళు కణుపులు కణుపులుగా ఉంటుంది. కొత్తగా గీసేవారు ఈ కణుపులను నిచ్చెన మెట్లలా అడ్డంగా గీస్తారు. అప్పుడు పురుగు బద్దలా కనిపిస్తుంది. చేతికి గాజులు వేసుకున్నవారిని చూడండి. చేయి అడ్డంగా ఉంటే గాజు సన్నని వంపుగీతలా కనిపిస్తుంది. చేయి మీ వైపు తిరిగేకొద్దీ అదే గాజు విచ్చుకొని గుండ్రంగా కనిపిస్తుంది. కణుపు గీత కూడా ఇటువంటిదే. మేరియన్ గొంగళిపురుగుల కణుపు గీతలు ఒంటి చుట్టూ తిరిగి అవతలికి పోతున్నట్లు ఉంటాయి. అందుకే ఆ ఒళ్ళు మెత్తగా, నిండుగా అనిపిస్తుంది.

రెండవది: ఒకదాన్ని మరొకటి కప్పడం. ఆమె చిత్రాల్లో గొంగళిపురుగు ఆకు అంచును పట్టుకొని ఉంటుంది. సగం ఒళ్ళు ఆకు పైన, సగం ఆకు వెనుక. సీతాకోకచిలుక ఒక రెక్క మరో రెక్కను కొంత కప్పుతుంది. దగ్గరిది దూరపుదాన్ని కప్పినప్పుడు మధ్యలో చోటు ఉన్నట్లు మన కంటికి తోస్తుంది.

మూడవది: పలు కోణాలు. ఒకే సీతాకోకచిలుకను ఆమె రెక్కలు విప్పి ఎగురుతున్నట్లు ఒకసారి, రెక్కలు మూసి వాలినట్లు మరోసారి అదే చిత్రంలో చూపింది. దానివల్ల రెక్క పై వైపు, కింది వైపు రెండూ మనకు తెలుస్తాయి. గుండుసూదితో గుచ్చిన పురుగును మాత్రమే చూసినవారికి ఇది సాధ్యం కాదు.

నాలుగవది: వెలుగునీడలు. వెలుగు ఒకే వైపు నుంచి పడుతుంది. వెలుగు పడిన చోట లేత రంగు, ఒళ్ళు అవతలికి తిరిగిన చోట ముదురు రంగు ఉంటాయి. పలుచని రంగును పొర మీద పొరగా వేస్తూ పోతే లేత నుంచి ముదురుకు మార్పు మెల్లగా వస్తుంది. అచ్చు కోసం రాగి రేకు మీద చెక్కేటప్పుడు రంగులు ఉండవు, గీతలే ఉంటాయి. అప్పుడు నీడ ఉన్న చోట గీతలు దగ్గరగా, వెలుగు ఉన్న చోట దూరంగా చెక్కుతారు. ఆ గీతలు కూడా ఒంటి వంపును అనుసరించే సాగుతాయి.

ఒక విషయం గుర్తుంచుకోండి. ఈ నాలుగింటిలో ఏదీ చేతి నేర్పుతో మాత్రమే వచ్చేది కాదు. కణుపులు ఎన్నో, కాళ్ళు ఎక్కడ మొదలవుతాయో, ఆకును ఏ కాళ్ళతో పట్టుకుంటుందో తెలియాలి. పట్టుపురుగుకు తల దగ్గర మూడు జతల గట్టి కాళ్ళు, నడుమ నాలుగు జతల మెత్తని కాళ్ళు, తోక చివర ఒక జత ఉంటాయి. మధ్యలో కొన్ని కణుపులకు కాళ్ళే ఉండవు. ఇది తెలిసినవారు గీసిన పురుగు ఆకును పట్టుకుంటుంది. తెలియనివారు గీసిన పురుగు ఆకు మీద అంటించినట్లు ఉంటుంది.

12.5 సంసారం, గ్రంథ రచన

1665లో మరియాకు యోహాన్ ఆండ్రియాస్ గ్రాఫ్ అనే చిత్రకారునితో వివాహం జరిగింది. ఆయన కూడా మారెల్ శిష్యుడే. 1668లో పెద్ద కుమార్తె యోహానా హెలెనా, 1678లో చిన్న కుమార్తె డోరతియా మరియా పుట్టారు. పెద్ద కుమార్తె పుట్టిన కొంత కాలానికి కుటుంబం గ్రాఫ్ స్వస్థలమైన న్యూరెంబర్గ్‌కు మారింది.

అక్కడ ఆమె ధనవంతుల ఇళ్ళ ఆడపిల్లలకు చిత్రలేఖనం, కుట్టుపని నేర్పేది. రంగులు తయారుచేసి అమ్మేది. విద్యార్థినుల ఇళ్ళ తోటల్లోకి వెళ్ళి పురుగులను వెతుక్కునే అవకాశం కూడా ఈ విధంగా దొరికింది. 1675లో ఆమె పూల చిత్రాల పుస్తకం మొదటి భాగం వెలువడింది. కుట్టుపని చేసేవారు నమూనాలుగా వాడుకోవడానికి అది పనికివచ్చేది.

1679లో గొంగళిపురుగుల గ్రంథం మొదటి భాగం ప్రచురితమైంది. అందులో 50 చిత్రాలు ఉన్నాయి. రాగి రేకులను ఆమే స్వయంగా చెక్కింది. ప్రతి చిత్రంలో నడుమ ఒక మొక్క. ఆ మొక్క మీదే గొంగళిపురుగు, ప్యూపా, రెక్కల పురుగు ఉంటాయి. చాలాచోట్ల గుడ్లు కూడా కనిపిస్తాయి. పురుగు జీవితమంతా ఒకే పుటలో, అది తినే మొక్కతో సహా చూపడం అప్పటికి కొత్త సంగతి. 1683లో మరో 50 చిత్రాలతో రెండవ భాగం వచ్చింది.

కొన్నిసార్లు ఆమె పెంచిన గొంగళిపురుగు నుంచి సీతాకోకచిలుక రాలేదు. ఈగలవంటి చిన్న పురుగులు వచ్చాయి. కారణం ఆమెకు అంతు చిక్కలేదు. అయినా దాన్ని దాచిపెట్టక, చూసింది చూసినట్లే గీసి ప్రచురించింది. ఆ చిన్న పురుగుల తల్లులు గొంగళిపురుగు ఒంట్లో గుడ్లు పెడతాయని నేడు మనకు తెలుసు. నేడు మన రైతులు పైరును కాపాడుకోవడానికి ఇటువంటి పరాన్నజీవులను వాడుతున్నారు.

12.6 కొత్త దారి

మరియా వైవాహిక జీవితం సాఫీగా సాగలేదు. మారు తండ్రి మరణం తరువాత ఆమె తల్లికి తోడుగా ఫ్రాంక్‌ఫర్ట్‌కు తిరిగి వచ్చింది. 1685 ప్రాంతంలో భర్తను విడిచి, తల్లితోను, ఇద్దరు కుమార్తెలతోను నెదర్లాండ్స్‌లోని ఒక మత సమాజంలో చేరింది. వారు ఒక పాత కోటలో నిరాడంబరంగా కలిసి బతికేవారు. భర్త వచ్చి పిలిచినా ఆమె తిరిగి వెళ్ళలేదు. అక్కడ ఉన్న కాలంలో కూడా కప్పల పెరుగుదలను, పురుగులను పరిశీలించడం మానలేదు.

తల్లి మరణించాక 1691లో కుమార్తెలతో ఆమ్‌స్టర్‌డామ్ నగరం చేరింది. 1692లో విడాకులు మంజూరయ్యాయి. నలభై అయిదేళ్ళ వయసులో, ఇద్దరు పిల్లలతో, తన చేతి పని మీదే ఆధారపడి ఆమె కొత్త జీవితం ప్రారంభించింది. తల్లీకూతుళ్ళు ముగ్గురూ బొమ్మలు గీసి అమ్మేవారు.

ఆమ్‌స్టర్‌డామ్ అప్పుడు గొప్ప వర్తక కేంద్రం. దూరదేశాల నుంచి ఓడల్లో వచ్చిన సీతాకోకచిలుకలను ధనవంతులు అద్దాల పెట్టెల్లో దాచుకునేవారు. మరియా వాటిని చూసి ముచ్చటపడింది. కాని తృప్తి పడలేదు. అవి ఏ గొంగళిపురుగు నుంచి వచ్చాయి? ఏ ఆకు తిన్నాయి? పెట్టెలోని ఎండిన పురుగు ఈ ప్రశ్నలకు జవాబు చెప్పలేదు. జవాబు కావాలంటే అవి పుట్టిన చోటికే వెళ్ళాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
(అ) గొంగళిపురుగు కణుపులను నిచ్చెన మెట్లలా గీస్తే ఏమవుతుంది?
(ఆ) 1679 నాటి గ్రంథంలోని కొత్తదనం ఏమిటి?
(ఇ) ఆమ్‌స్టర్‌డామ్‌లోని అద్దాల పెట్టెలు మరియాకు ఎందుకు చాలలేదు?

12.7 సురినామ్ అడవుల్లో

1699లో, యాభై రెండేళ్ళ వయసులో, మరియా తన దగ్గర ఉన్న చిత్రాలను చాలావరకు అమ్మి ప్రయాణపు ఖర్చు సమకూర్చుకుంది. వీలునామా రాసింది. ఇరవై ఒక్క ఏళ్ళ డోరతియాను వెంట తీసుకొని ఓడ ఎక్కింది. గమ్యం దక్షిణ అమెరికాలోని సురినామ్. అప్పుడు అది డచ్చివారి వలస. ఆ కాలంలో పురుగులను చూడడం కోసం సొంత ఖర్చుతో సముద్రం దాటడం మగవారిలో కూడా అరుదు.

సురినామ్‌లో చెరకు తోటలు ఉండేవి. ఆఫ్రికా నుంచి బలవంతంగా తెచ్చిన బానిసలు వాటిలో పనిచేసేవారు. తోటల యజమానులకు చక్కెర తప్ప మరి దేని మీదా ఆసక్తి లేదు. పురుగుల కోసం వెతికే మరియాను చూసి వారు నవ్వేవారు. ఆమె కూడా బానిసల సేవలను వినియోగించుకుంది. దట్టమైన అడవిలో గొడ్డళ్ళతో దారి చేసింది వారే. ఈ సంగతిని మనం మరువకూడదు. అక్కడి మొక్కల ఉపయోగాలను ఆమెకు చెప్పింది స్థానిక ఆదివాసి స్త్రీలు, ఆఫ్రికన్ స్త్రీలు. తాను వారి నుంచి నేర్చుకున్నానని ఆమె తన గ్రంథంలో చెప్పింది.

మన పెరళ్ళలో ఎరుపు పసుపు పూలు పూసే రత్నగంధి మొక్కను మీరు చూసే ఉంటారు. ఆ మొక్కను కూడా ఆమె సురినామ్‌లో చిత్రించింది. దాని గింజలను బానిస స్త్రీలు గర్భస్రావానికి వాడేవారని, తమ బిడ్డలు కూడా బానిసలుగా పుట్టకూడదన్నదే వారి ఉద్దేశమని ఆమె రాసింది. ఆ స్త్రీలు ఎంతటి బాధ అనుభవించారో ఊహించండి. పూల చిత్రం పక్కన ఈ మాట రాయడానికి ఆమె వెనుకాడలేదు.

అక్కడి ఎండ, తేమ భరించరానివి. ఆమె పని పద్ధతిని ఇక్కడ గమనించాలి. గొంగళిపురుగుల ఒళ్ళు మెత్తన. చచ్చిన వెంటనే ముడుచుకుపోతాయి, రంగు మారిపోతాయి. అందుచేత వాటిని, ప్యూపాలను అక్కడికక్కడే, ప్రాణంతో ఉండగానే, పార్చ్‌మెంటు మీద చిత్రించింది. సీతాకోకచిలుకలు, పెంకు పురుగులు ఎండినా ఆకారం చెడవు. కనుక వాటిని భద్రపరచి, ఇంటికి చేరాక నిదానంగా చిత్రించింది. సీతాకోకచిలుక రెక్కను భూతద్దంతో చూసి, దాని మీది పొలుసులు ఈకల్లా క్రమంగా అమరి ఉండడం గమనించింది.

తీవ్రమైన జ్వరం వల్ల అనుకున్న దానికన్నా ముందే, 1701లో, ఆమె తిరుగు ప్రయాణం కావలసి వచ్చింది.

ఇక్కడ మన దేశానికి సంబంధించిన ఒక విషయం చెప్పుకోవాలి. 1863లో సురినామ్‌లో బానిసత్వం రద్దయింది. తోటల్లో పనికి మనుషులు కావలసి వచ్చి, 1873 నుంచి 1916 వరకు సుమారు 34,000 మంది భారతీయులను ఒప్పంద కూలీలుగా ఓడల్లో అక్కడికి తీసుకువెళ్ళారు. వారి సంతతివారు నేటికీ అక్కడ ఉన్నారు.

12.8 గొప్ప గ్రంథం, అందులోని పొరపాట్లు

1705లో సురినామ్ కీటకాల రూపవిక్రియ గురించిన ఆమె గ్రంథం డచ్చి, లాటిన్ భాషల్లో వెలువడింది. అందులో పెద్ద సైజులో 60 చిత్రాలు ఉన్నాయి. ఈసారి రాగి రేకులను చాలావరకు ఇతర శిల్పులు చెక్కారు. మొదటి చిత్రంలో అనాస మొక్క, దాని మీద బొద్దింకలు ఉంటాయి. మనం చీదరించుకునే బొద్దింకను కూడా ఆమె అనాసతో సమానమైన శ్రద్ధతో గీసింది.

రాగి రేకు నుంచి అచ్చు తీస్తే బొమ్మ కుడి ఎడమలు తారుమారవుతాయి. తడి ఆరని అచ్చు మీద మరో కాగితం పెట్టి ఒత్తితే, బొమ్మ తిరిగి సరైన వైపుకు వస్తుంది. గీతలు కూడా మెత్తబడతాయి. వాటి మీద రంగులు వేస్తే చేతితో గీసిన చిత్రంలాగే ఉంటుంది. మేరియన్ తన గ్రంథపు ప్రతులు కొన్నింటిని ఇలా తయారు చేసింది.

ఒక చిత్రంలో జామ కొమ్మ మీద పెద్ద సాలీడు చిన్న పిట్టను పట్టుకొని ఉంటుంది. తరువాతి శతాబ్దంలో కొందరు పండితులు దీన్ని కట్టుకథ అని ఎగతాళి చేశారు. కాని 1863లో హెన్రీ బేట్స్ అనే ప్రకృతి పరిశోధకుడు అమెజాన్ అడవుల్లో అటువంటి సాలీడు పిట్టలను చంపడం చూశానని తన గ్రంథంలో రాశాడు.

అయితే పొరపాట్లు లేకపోలేదు. లాంతరు పురుగు అనే కీటకం తల చీకట్లో వెలుగుతుందని ఆమె రాసింది. అది నిజం కాదు. అదే చిత్రంలో ఒక పురుగు తల, మరో పురుగు ఒళ్ళు కలిపిన బొమ్మ కూడా ఉంది. తాను పెంచి, దశదశలుగా చూసిన పురుగుల విషయంలో ఆమె చిత్రాలు నమ్మదగినవి. పూర్తిగా చూడలేకపోయిన చోట పొరపాట్లు దొర్లాయి. ఇది కూడా మనకు ఒక పాఠమే.

1715లో పక్షవాతం వచ్చింది. 1717 జనవరి 13న ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆమె కన్నుమూసింది. రష్యా చక్రవర్తి పీటర్ కోసం ఆమె చిత్రాలను కొనుగోలు చేశారు. అదే సంవత్సరం డోరతియా గొంగళిపురుగుల గ్రంథం మూడవ భాగాన్ని ప్రచురించింది. జీవులకు శాస్త్రీయ నామాలు పెట్టిన కార్ల్ లిన్నేయస్ అనేక కీటకాలకు ఆమె చిత్రాలను ఆధారంగా చూపాడు. 1992లో జర్మనీ విడుదల చేసిన 500 మార్కుల నోటు మీద ఆమె ముఖచిత్రం ముద్రించారు. 2002లో యూరో నోట్లు వచ్చేవరకు అది చెలామణిలో ఉంది.

12.9 మీరు చేసి చూడండి

కావలసినవి: కాగితం, మామూలు పెన్సిలు, మెత్తని 2బి పెన్సిలు, రబ్బరు, ఒక గాజు గిన్నె. చిక్కుడు, వేరుశనగ, పత్తి చేలల్లో ఎర్రటి వీపు మీద నల్ల చుక్కలుండే అక్షింతల పురుగు కనిపిస్తుంది. దాన్ని గిన్నెలో పెట్టి కిటికీ పక్కన ఉంచండి. వెలుగు మీ ఎడమ వైపు నుంచి పడాలి.

1. మొదటి పది నిమిషాలు పెన్సిలు ముట్టుకోకండి. చుక్కలు ఎన్ని? వీపు మీది గీత ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది? నడిచేటప్పుడు కాళ్ళు ఎటు వంగుతాయి? చూసింది రాసుకోండి.

2. సగం కోసిన నిమ్మకాయను బోర్లించినట్లు పురుగు ఆకారాన్ని తేలికగా గీయండి. రెండు రెక్కల కవచాలు కలిసే గీతను గుమ్మడికాయ చారలా వంపుగా గీయండి. పురుగును పక్క నుంచి చూస్తున్నప్పుడు ఈ గీత నిటారుగా ఉండదు.

3. చుక్కలు వేయండి. మీకు ఎదురుగా ఉన్న చుక్క గుండ్రంగా ఉంటుంది. అంచు దగ్గరి చుక్క నొక్కినట్లు సన్నగా ఉంటుంది. అన్ని చుక్కలనూ ఒకే గుండ్రంగా వేస్తే వీపు చదునైపోతుంది. ఈ ఒక్క విషయం గమనిస్తే మీ బొమ్మ సగం బాగుపడుతుంది.

4. వీపు మీద మెరిసే చోటును తెల్లగా వదిలేయండి. అక్కడి నుంచి కుడి వైపుకు నీడను క్రమంగా ముదురు చేయండి. అన్నిటికన్నా ముదురు నీడ అంచు మీద కాక, అంచుకు కొంచెం లోపల ఉంటుంది. కింది నుంచి తిరిగి వచ్చే వెలుగు వల్ల అంచు కాస్త లేతగా కనిపిస్తుంది.

5. కాళ్ళు గీయండి. మీ వైపున్న కాళ్ళు బాగా కనిపిస్తాయి. అవతలి కాళ్ళ కొనలే కనిపిస్తాయి. అన్ని కాళ్ళూ ఒకే నేల మీద ఆనాలి. చివరగా పురుగు కింద నీడ వేయండి. ఒంటికి దగ్గరగా ముదురుగా, దూరం పోయేకొద్దీ లేతగా ఉండాలి.

పని ముగిశాక పురుగును ఎక్కడ పట్టుకున్నారో అక్కడే వదిలిపెట్టండి. అది పేనుబంకను తిని పైరుకు మేలు చేస్తుంది. మొదటి బొమ్మ బాగా రాలేదని చింపేయకండి. తేదీ వేసి దాచుకోండి. వారం తరువాత మళ్ళీ గీసి రెండింటినీ పోల్చి చూడండి.

12.10 సారాంశం

మరియా సిబిల్లా మేరియన్ 1647లో జర్మనీలో పుట్టింది. పదమూడేళ్ళకు పట్టుపురుగులతో మొదలుపెట్టి, జీవితమంతా పురుగులను పెంచి, చూసి, గీసింది. యాభై రెండేళ్ళ వయసులో సురినామ్ వెళ్ళి, 1705లో 60 చిత్రాల గ్రంథం ప్రచురించింది. గీతల వంపు, ఒకదాన్ని మరొకటి కప్పడం, పలు కోణాలు, వెలుగునీడలు – వీటివల్ల బొమ్మకు గుండ్రదనం వస్తుంది. అయితే వీటన్నిటికీ మూలం ఓపికగా గమనించడమే. బడి దాటిన వయసులో చదువుతున్న మీకు ఆమె జీవితం పరాయిదిగా అనిపించదు. ఆమె కూడా ఇంటి పని, పిల్లల బాధ్యత, సంపాదన నడుమ సమయం చేసుకొని నేర్చుకున్నది. ఇప్పుడు పాఠం మొదట్లో గీసిన చీమ బొమ్మను తీయండి. బయటకు వెళ్ళి ఒక చీమను చూసి, మళ్ళీ గీయండి.

12.11 కొత్త పదాలు

రూపవిక్రియ: గుడ్డు నుంచి రెక్కల పురుగు వరకు శరీరంలో జరిగే మార్పు
ప్యూపా: గొంగళిపురుగుకూ రెక్కల పురుగుకూ నడిమి దశ
వక్షం: తలకూ పొట్టకూ నడుమ ఉండే భాగం
పార్చ్‌మెంటు: రాయడానికి, బొమ్మలు వేయడానికి అనువుగా శుద్ధి చేసిన చర్మం
పరాన్నజీవి: మరో జీవి మీద ఆధారపడి బతికే జీవి

12.12 పాఠాంత ప్రశ్నలు

1. పురుగులు బురద నుంచి పుడతాయన్న నమ్మకం ఉన్న కాలంలో మరియా చేసిన పని విలువ ఏమిటి?
2. గొంగళిపురుగులను సురినామ్‌లోనే, సీతాకోకచిలుకలను ఇంటికి వచ్చాక చిత్రించడానికి కారణాలు రాయండి.
3. లాంతరు పురుగు విషయంలో జరిగిన పొరపాటు నుంచి మీరు ఏమి గ్రహించారు?
4. మీ ఇంటి చుట్టుపక్కల కనిపించే ఒక పురుగును మూడు రోజులు గమనించి పది వాక్యాలు రాయండి. దాని బొమ్మను రెండు కోణాల నుంచి గీయండి.

12.13 ప్రగతి ప్రశ్నలకు సమాధానాలు

1. (అ) మారు తండ్రి యాకోబ్ మారెల్, ఆయన శిష్యుడు అబ్రహాం మిన్యోన్. (ఆ) పురుగు తినే మొక్క, అది పుట్టి పెరిగే తీరు. (ఇ) పట్టుపురుగు మేత మాని చర్మం విడిచే దశను.
2. (అ) ఒంటి గుండ్రదనం పోయి పురుగు బద్దలా కనిపిస్తుంది. (ఆ) పురుగు దశలను, అది తినే మొక్కను ఒకే చిత్రంలో చూపడం. (ఇ) ఎండిన పురుగును చూస్తే అది ఎలా పెరిగిందో, ఏమి తిన్నదో తెలియదు.